మూసియుంచిన చక్రాల ఇల్లు – ఎలుకల బెడద

అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, కెనడాలోను సెలవు దినములు గడుపుటకు అనేక కుటుంబములవారు కారు వెనుక తగిలించుకొని పోవు చిన్న ఇంటిని వాడుదురు. దీనికి ట్రావెల్ ట్రెయిలర్ అని పేరు. పడకలు, వంట పొయ్యి, రిఫ్రిజిరేటరు, స్నానపు గది సమస్తమును ఆ చక్రాల ఇంటిలో అమరియుండును. ఆ దేశములలో స్థిరపడిన మన బిడ్డలకును ఇట్టి ప్రయాణములు క్రొత్తవి కావు.

మంచు కురియు ప్రాంతములలో శీతకాలమంతయు ఈ బండికి పని యుండదు. గొట్టములలో నీరు గడ్డకట్టకుండ ఖాళీచేసి, తలుపునకు తాళము వేసి, పెరటిలోనో అద్దె స్థలములోనో నిలిపి యుంచుదురు. బయట చలి ముదిరిన కొలది చిట్టెలుకలు వెచ్చని చోటు వెదకుకొనును. మెత్తని పరుపులు గలిగి, మనుష్య సంచారము లేని ఈ ఇంటికంటె వాటికి అనువైన చోటు మరియొకటి లేదు.

ఇందువలన కలుగు నష్టము స్వల్పము కాదు. ఎలుక ముందుపండ్లు బ్రతికినంత కాలము పెరుగుచునే యుండును. కావున అది ఎల్లప్పుడును ఏదో యొకటి కొరుకుచుండును. విద్యుత్తు తీగల తొడుగు కొరికినచో అగ్నిప్రమాదమునకు అవకాశము కలదు. పరుపులను, గోడల నడుమ చలి నాపుటకు కూరిన దూదివంటి పదార్థమును చీల్చి గూడు కట్టును. ఇంటి చిట్టెలుక మూడు వారముల గర్భము మోసి, ఈతకు అయిదారు పిల్లలను పెట్టును. శరత్కాలమున దూరినది ఒక్కటియే యైనను, వసంతమున తలుపు తీయునప్పటికి సంసారము పెరిగియుండవచ్చును.

వస్తునష్టమునకు మించినది ప్రాణభయము. 1993లో అమెరికా నైరృతి భాగమున, నాలుగు రాష్ట్రముల సరిహద్దులు కలియు చోట, ఆరోగ్యవంతులైన యువజనులు కొందరు ఊపిరాడక హఠాత్తుగా మరణించిరి. హాంటా వైరస్ తెగకు చెందిన క్రొత్త వైరస్ ఇందుకు కారణమని పరిశోధకులు కనుగొనిరి. పైన గోధుమవన్నెయు, క్రింద తెలుపును గల డీర్ మౌస్ అను చిట్టెలుక దీనిని మోయును. దాని మలమూత్రములు ఎండి ధూళితో కలిసి, శ్వాసతోపాటు మనుష్యుని లోనికి పోవును. 2012లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయోద్యానమును దర్శించిన 10 మందికి ఈ వ్యాధి సోకి 3గురు మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు బస చేసిన గుడారములకు రెండు పొరల గోడలుండెను. ఆ పొరల నడుమ ఎలుకలు గూళ్ళు పెట్టియుండెను. ట్రెయిలర్ గోడయు అట్టిదే యని వేరుగా చెప్పనక్కరలేదు.

ఎలుకను లోపల చంపుటకంటె బయటనే నిలుపుట మేలు. 6 మిల్లీమీటర్ల సందు, అనగా పెన్సిలు దూరునంతటి సందు, చిట్టెలుకకు చాలును. నీటి గొట్టములు, మురుగు గొట్టము, గ్యాసు గొట్టము, విద్యుత్తు తీగలు నేలగుండ లోనికి వచ్చుచోట్ల ఇట్టి సందులు మిక్కుటము. చక్రముల పైభాగమును, ప్రక్కకు జరుగు గదుల అంచులను గూడ చూడవలెను. చీకటి పడిన పిమ్మట ఒకరు బండి క్రింద దీపము చూపుచుండగా, మరియొకరు లోపల చీకటిలో నిలిచి బీరువాల అడుగున వెలుగు కనబడు చోట్లను గుర్తింపవచ్చును. ఆ సందులలో రాగి తీగల పీచును గట్టిగా కూరి, పైన సీలెంట్ పూయవలెను. ఇనుప పీచు తుప్పుపట్టును. గట్టిపడు నురుగు ఒక్కటే వాడినచో ఎలుక దానిని కొరికివేయును. గాలి రంధ్రములకు 6 మిల్లీమీటర్ల కన్నుల తీగ వల కట్టవచ్చును. అయితే వేడి యంత్రము, రిఫ్రిజిరేటరు తిరిగి వాడుటకు ముందు వాటి రంధ్రముల వల తీసివేయుట మరువరాదు.

పిదప లోపలి ఆహార పదార్థములనెల్ల తీసివేయవలెను. బిస్కత్తు పొడి, కుక్కల తిండి, సబ్బుసైతము ఉంచరాదు. దుప్పట్లను ఇంటికి చేర్చుటయో, మూత బిగియు డబ్బాలలో ఉంచుటయో మంచిది. గడ్డిలోను, కట్టెల మోపుల చెంతను గాక, కంకర నేలపై బండిని నిలుపవలెను. గోడల వెంబడి స్ప్రింగు ఉచ్చులు పెట్టి, వేరుసెనగ ముద్ద ఎరగా ఉంచి, తరచు చూచుచుండవలెను.

విషము పెట్టుట ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది. విషము తిన్న ఎలుక గోడ నడుమ చచ్చి దుర్గంధము పుట్టించును. దానిని తిన్న గుడ్లగూబకును పిల్లికిని అపాయము. కలరా ఉండలు బిగుతైన పెట్టెలలో బట్టల పురుగులకు ఉద్దేశింపబడినవి. వాటిని బండిలో వెదజల్లినచో ఆ ఆవిరి మనుష్యులకే హాని. మన చెవికి వినరాని ధ్వనితో ఎలుకలను తరుముననెడి యంత్రములను గురించి, ఆధారము లేని ప్రకటనలు తగవని 2001లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 60కి మించిన తయారీదారులను, విక్రేతలను హెచ్చరించెను.

వసంతమున తలుపు తీయు దినము అన్నిటికంటె జాగ్రత్త అవసరమైన దినము. లోపల ఎలుక పెంటికలు కనబడినచో చీపురు పట్టరాదు. ధూళి పీల్చు యంత్రమును నడుపరాదు. రెండును ధూళిని రేపును. తలుపులు, కిటికీలు తెరచి అరగంట బయట నుండవలెను. పిదప రబ్బరు తొడుగులు ధరించి, ఒక పాలు బ్లీచింగు ద్రవమును తొమ్మిది పాళ్ళ నీటిలో అప్పుడే కలిపి పెంటికలు తడియునట్లు చల్లి, 5 నిమిషములు నాననిచ్చి, కాగితముతో తుడిచి, సంచిలో కట్టి పారవేయవలెను. అటుపిమ్మట ఒకటి మొదలు ఎనిమిది వారములలోపల జ్వరము, కండరముల నొప్పులు, ఆయాసము కలిగినచో తక్షణము వైద్యుని చూడవలెను. ఎలుకల పెంటికలు శుభ్రపరచిన సంగతి ఆయనకు తప్పక చెప్పవలెను. ఈ వ్యాధిని నయముచేయు ప్రత్యేకమైన మందు లేదు. సకాలమున ఆసుపత్రిలో శ్వాసకు తోడ్పడుటయే రోగికి ఆధారము.

దూరదేశమున బిడ్డలున్న తల్లిదండ్రులు తరువాతి ఉత్తరములోనో, ఫోనులోనో ఈ చీపురు సంగతిని వారి చెవిని వేయుదురుగాక. ఇక్కడ వేసవికి ఇల్లు తాళము వేసి ఊరికి పోవువారు సైతము, పోవుటకు ముందు వంటింటి తూము చుట్టునున్న సందును ఒకమారు పరికించుట మంచిది.