ఇంట్లోనే లగ్జరీ లుక్ వాచ్ తయారు చేశా.. కానీ దాని మీద పేరు లేదు!

ఈ రోజు కొత్త ఫోన్ లేదు, రివ్యూ లేదు. నా చేతికున్న ఈ వాచ్ చూడండి. బ్లూ డయల్, స్టీల్ బాడీ, ఎనిమిది పలకల అంచు. చూసినవాళ్ళు "ఎన్ని లక్షలు?" అని అడుగుతున్నారు. నిజం చెప్పనా? దీన్ని మా ఇంట్లో భోజనాల బల్ల మీద నేనే బిగించా. ఖర్చు పది వేల లోపే. ఇంకో విషయం, ఇది నాది కాదు. మా నాన్నది. మీకు చూపించడానికి ఓ గంట అడిగి తెచ్చుకున్నా.

అసలు ఎందుకు మొదలుపెట్టానంటే, నాన్నకి ఓ హెచ్‌ఎంటీ జనతా ఉండేది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ హెచ్‌ఎంటీ వాచీలే. రోజూ పొద్దున కాఫీ తాగి దానికి కీ ఇచ్చేవారు. రెండేళ్ళ క్రితం అది ఆగిపోయింది, పార్ట్ దొరకలేదు. నాన్న ఏమీ అనలేదు. బీరువాలో పెట్టేసి, టైమ్ కోసం ఫోన్ చూడడం మొదలుపెట్టారు. కానీ ఖాళీ మణికట్టు చూసుకునే అలవాటు మాత్రం పోలేదు. అది చూసినప్పుడల్లా నాకు ఎలాగో ఉండేది.

సరే, పనిలోకి వద్దాం. వాచ్‌కి గుండె మూవ్‌మెంట్. నేను తీసుకున్నది సేకో గ్రూప్ వాళ్ళ ఎన్‌హెచ్ 35. ఇంట్లో వాచ్ బిగించే వాళ్ళలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు. బ్యాటరీ ఉండదు. చెయ్యి కదిలినప్పుడు లోపల అర్ధచంద్రం లాంటి రోటర్ తిరిగి, స్ప్రింగ్ చుట్టుకుంటుంది. ఫుల్‌గా ఎక్కితే సుమారు 41 గంటలు నడుస్తుంది. గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి 6 సార్లు. అందుకే సెకన్ల ముల్లు టక్ టక్ అని ఆగకుండా జారుతున్నట్టు కనిపిస్తుంది.

ఈ ఎనిమిది పలకల అంచు ఐడియా నాది కాదు. 1972లో వచ్చిన ఓడెమార్ పీగే వాళ్ళ రాయల్ ఓక్‌తో అది ఫేమస్ అయింది, డిజైన్ చేసింది జెరాల్డ్ జెంటా. నేను ఆ స్టైల్‌లో ఉన్న కేస్, సఫైర్ అద్దం, 28.5 మిల్లీమీటర్ల డయల్ కొన్నా.

బిగించేటప్పుడు ఒక చిన్న కిటుకు. ముందు డయల్ పెట్టి, తేదీ సరిగ్గా మారే దాకా క్రౌన్ తిప్పాలి. మారిన క్షణంలో ఆపి గంటల ముల్లు, నిమిషాల ముల్లు రెండూ 12 దగ్గర పెట్టాలి. లేకపోతే మీ వాచ్‌లో మధ్యాహ్నం రెండింటికి తేదీ మారుతుంది!

ఇక నా తప్పులు. సెకన్ల ముల్లు రంధ్రం 0.2 మిల్లీమీటర్లు. తొందరపడి నొక్కా, ముల్లు వంగిపోయింది. క్రౌన్‌కి ఉండే కాడని కేస్‌కి సరిపడా కత్తిరించాలి. ఒకేసారి కట్ చేశా, పొట్టిదైపోయింది. కత్తిరిస్తే తగ్గుతుంది గానీ పెరగదు కదా! మళ్ళీ ఆర్డర్ పెట్టి వారం ఆగా. రెండోసారి కొంచెం కొంచెం కట్ చేసి, పెట్టి చూసి, చివర్లో ఆకురాయితో రుద్దా.

వంగిన ముల్లు పట్టుకుని మా వీధి చివర వాచ్ రిపేర్ షాపుకెళ్ళా. అక్కడి పెద్దాయన కంటికి భూతద్దం పెట్టుకుని చూసి నవ్వారు. "బాబూ, బలంతో కాదు, ఊపిరి బిగబట్టి నిలువుగా నొక్కాలి" అని, కొత్త ముల్లు నాతోనే పెట్టించారు. డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మా ఫ్రెండ్ ఒకడు, "పెద్ద బ్రాండ్ లోగో ఉన్న డయల్ వేయరా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టింది. కానీ స్టైల్ నచ్చి నేర్చుకోవడం వేరు, వేరేవాళ్ళ పేరు అతికించుకోవడం వేరు. రెండోది నకిలీ. అమ్మితే ట్రేడ్‌మార్క్ చట్టం కింద నేరం కూడా. అంతకంటే ముందు, నాన్న చేతికి అబద్ధం ఎలా కడతా? అందుకే డయల్ మీద ఏ పేరూ లేదు.

రిటైర్‌మెంట్ రోజు పొద్దున ఇచ్చా. నాన్న మొదట చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత, "పేరు లేదేంట్రా?" అన్నారు.

"నేనే చేశా నాన్నా" అన్నా.

కాసేపు మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో బిగించిన వాచ్‌కి వాటర్ టెస్ట్ చేయించకుండా నీళ్ళలోకి దిగకండి. రోజుకి కొన్ని సెకన్లు అటూ ఇటూ అవడం కూడా మామూలే.

ఇప్పుడు నాన్న రోజూ కాఫీ తాగాక దీనికి కీ ఇస్తున్నారు. "ఆటోమేటిక్ నాన్నా, అక్కర్లేదు" అని చెప్పా.

"దానికి అక్కర్లేదురా, నాకు కావాలి" అన్నారు.

ఇక వాచ్ తిరిగి ఇచ్చేయాలి, నాన్న ఇప్పటికే రెండుసార్లు అడిగారు. మీ ఇంట్లో కూడా ఆగిపోయిన వాచ్ ఉంటే ఒకసారి బయటికి తీసి చూడండి. మళ్ళీ కలుద్దాం, బై!