రథం ముగ్గుకి అచ్చు: ఇంక్‌స్కేప్‌లో వంపు గీతలు, ముక్కల గీతలు

ఈ ఎపిసోడ్ మా ఊళ్లోనే తీస్తున్నా. తెనాలి పక్కన సంగం జాగర్లమూడి, మా ఇంటి వాకిలి.

కనుమ రోజు మా వైపు రథం ముగ్గు వేస్తారు. రథానికి తాడు గీసి, వీధిలోకి లాగి, పక్కింటి ముగ్గుకి కలుపుతారు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, వంగలేదు. "ఒరేయ్, కంప్యూటర్లో ఏదో గీస్తుంటావుగా, నాకో అచ్చు చేసిపెట్టు. స్టూల్ మీద కూర్చుని పిండి జల్లుకుంటా. పక్కింటి తాడు మన గేటు దగ్గరికొచ్చి ఆగిపోతే బాగోదు" అంది.

ముందు తాడు. పెన్సిల్ టూల్‌తో మౌస్ పట్టుకుని గీశా. బోలెడు నోడ్లు పడ్డాయి. అమ్మ చూసి "తాడులా లేదురా, ముడులు పడ్డ పురికొసలా ఉంది" అంది. నిజమే. చెరిపేసి బెజియర్ టూల్ తీసుకుని, వంపు తిరిగేచోట మాత్రమే నోడ్ పెట్టా. మొత్తం 4. నోడ్లు సెలెక్ట్ చేసి షిఫ్ట్ ఎస్ కొడితే స్మూత్ అవుతాయి. మిగతా వంపంతా హ్యాండిల్స్ చూసుకుంటాయి.

అసలు తంటా చక్రంతో. వృత్తం మొత్తం కోసేస్తే మధ్యలో బిళ్ల ఊడి కిందపడుతుంది కదండీ. అందుకే ముక్కల గీత కావాలి. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీయే బిళ్లని పట్టుకునే వంతెన. మందం 4 మిల్లీమీటర్లు, ఖాళీ 5, చివర్లు గుండ్రంగా, అంటే రౌండ్ క్యాప్. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. ప్లాస్టిక్ షీట్ కోయించి తెచ్చా. అమ్మ ఎత్తగానే చక్రం చిరిగి చేతికొచ్చింది.

తప్పు నాదే. రౌండ్ క్యాప్ ప్రతి ముక్కకీ రెండు వైపులా మందంలో సగం, అంటే 2 మిల్లీమీటర్ల చొప్పున, బయటికి పెరుగుతుంది. 5లో 4 పోగా వంతెన మిగిలింది 1. అందులోనూ లేజర్ కాస్త తినేస్తుంది. బీటెక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ పాసైనవాణ్ణే, ఏం లాభం!

ఈసారి ఖాళీ 10 పెట్టా, వంతెన 6 మిగులుతుంది. ముక్క పొడవు 24 అనుకున్నా. కానీ చక్రం వ్యాసార్థం 100, చుట్టుకొలత 628.3. ముక్క, ఖాళీ కలిపి 34 చొప్పున 18 సార్లు వస్తే 612. మిగిలిన 16 మిల్లీమీటర్లూ మొదటి ముక్కకి అతుక్కుని, అక్కడొక్కచోటే 40 పొడవు ముక్క తయారవుతుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే 628.3ని 18తో భాగించండి: 34.9. ఖాళీ 10 తీసేస్తే ముక్క 24.9. ఇంక్‌స్కేప్‌లో డాష్ గడిలో మిల్లీమీటర్లు కాదు, గీత మందానికి ఎన్ని రెట్లో వెయ్యాలి. 4తో భాగిస్తే 6.23, 2.5. ఆ గడి 1.2 వెర్షన్ నుంచీ ఉంది.

ఇంకోటి. డాష్ అనేది గీతకి వేసిన వేషం మాత్రమే, లోపల వృత్తం తెగలేదు. కటింగ్ మెషీన్ వృత్తాన్నే చూడొచ్చు. కాబట్టి ఎక్స్‌టెన్షన్స్‌లో కన్వర్ట్ టు డాషెస్, ఆ తర్వాత పాత్ మెనూలో స్ట్రోక్ టు పాత్. ముందు ఒక కాపీ దాచుకోండి, ఆ తర్వాత మందం మార్చడం కష్టం.

రెండో షీట్ నిలబడింది. తాడు చివర మాత్రం అచ్చులో వద్దంది అమ్మ. పక్కింటావిడ ముగ్గు ఏ ఏడు ఎక్కడిదాకా వస్తుందో ముందే తెలీదుగా. ఆ నాలుగడుగులూ పక్కింటావిడే వంగి గీసింది, అమ్మ స్టూల్ మీంచి "ఇటు తిప్పు, ఇటు" అంటుంటే.