పొదుగువాపు – మొండి క్రిములు



పాడి ఆవు ఇంటికి అండ. ఆవుకు పొదుగువాపు వస్తే ఇల్లు గడవదు. పొదుగు గట్టిపడి వేడెక్కుతుంది. పాలు విరిగినట్టు ముక్కలుగా వస్తాయి.

దీనికి కారణం సూక్ష్మక్రిములు. పేడలో నుంచి, పాలు పితికే చేతుల నుంచి అవి చన్నులోకి చేరతాయి. వాటిని చంపేందుకు వాడేవే యాంటీబయాటిక్ మందులు.

కొందరు డాక్టరుకు చూపించరు. తోచిన మందు కొంటారు. తోచినంత వేస్తారు. అప్పుడేమవుతుంది? మెత్తటి క్రిములు చస్తాయి. మొండివి మిగులుతాయి. అవే వేలు, లక్షలుగా పెరుగుతాయి. మళ్లీ వాపు వస్తే అదే మందు పనిచేయదు. మొండి క్రిములు మనుషులకూ అంటుకోవచ్చు.

ఈ మాట కొత్తది కాదు. 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్, చాలీచాలని మోతాదు వాడితే క్రిములు మొండికేస్తాయని 1945లోనే హెచ్చరించాడు.

మందు వేసిన ఆవు పాలలో మందు ఉంటుంది. కాచినా పూర్తిగా పోదు. ఆ పాలకు తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోకపోవచ్చు. తోడులోని మంచి క్రిములు కూడా చస్తాయి గదా! డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు అమ్మరాదు, తాగరాదు.

మరి ఏం చేయాలి?

పితికే ముందు చేతులు, పొదుగు కడగాలి. పొడిగుడ్డతో తుడవాలి.

జబ్బు ఆవును చివర పితకాలి.

పితికాక మేత వేసి అరగంట నిలబెట్టాలి. చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు. పడుకుంటే మురికి చేరుతుంది.

జబ్బు వస్తే పశువుల డాక్టరుకే చూపించాలి. చెప్పిన మందు, చెప్పినంత, చెప్పినన్ని రోజులు వేయాలి.

మందు పనిచేసినంత కాలమే పాడి నిలుస్తుంది.