నీటఁ బడిన బంతి

బాల్యమున బిళ్ళంగోడు ఆడనివారు మన పల్లెలలో అరుదు. కర్రదెబ్బకు ఎగిరిన బిళ్ళ పోయి ఏ కాలువలోనో చెరువులోనో పడినప్పుడు ఆట ఆగి తగవు మొదలగును. "గట్టు ఇక్కడ దాటినది" అని ఒకఁడు, "కాదు, అదిగో ఆ తుమ్మచెట్టు దగ్గర" అని వేరొకఁడు. గొంతు పెద్దదైనవానిదే న్యాయము. ఇట్టి తగవునే తీర్చుటకు రెండు వందల ఎనుబది సంవత్సరములుగా నియమములు వ్రాసికొనుచు, దిద్దుకొనుచు వచ్చుచున్న ఆట యొకటి కలదు. అదియే గోల్ఫ్.

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములవారికి ఈ ఆటతో పరిచయము తక్కువ. విశాఖపట్టణమునను, గోల్కొండ నయాఖిలాలోను మైదానములు ఉన్నను, అది మనకు కాని ఆట యని ఊరకుండెడివారము. కాని టోక్యో ఒలింపిక్సు 2021లో జరిగినప్పుడు మన దేశపు క్రీడాకారిణి అదితి అశోక్ నాలుగు దినములు ఆడి, ఒక్క దెబ్బ తేడాతో పతకమును కోల్పోయి నాలుగవ స్థానమున నిలిచెను. ఆనాఁడు ఎందరో ఈ ఆటను మొదటిసారిగా చూచిరి. ఒక్క దెబ్బ విలువ యెంతయో ఆ దినమున తెలిసినది. బంతి నీటఁ బడినచో కోల్పోవునదియు ఆ ఒక్క దెబ్బయే.

ఆట సూత్రము సులభము. బంతిని కర్రతో కొట్టుచు దూరమున జెండా పాతిన గుంటలోనికి చేర్చవలెను. ఎవరు తక్కువ దెబ్బలతో చేర్చిరో వారిది గెలుపు. నడుమ చెరువులు, కాలువలు, వాగులు అడ్డు వచ్చును. 1744లో స్కాట్లండులోని లీత్ అను చోట ఆటగాండ్రు పదమూడు నియమములు వ్రాసికొనిరి. అందు ఐదవది నీటిని గూర్చినదే. బంతి నీటిలోఁ గాని, నీటి మురికిలోఁ గాని పడినచో దానిని తీసి, అడ్డంకికి వెనుక నుంచి ఆడవచ్చును; అందులకు ప్రతిపక్షికి ఒక దెబ్బ ఇచ్చుకొనవలెను. నేఁటి నియమములన్నియు ఆ విత్తనము నుండి మొలచినవే.

2019లో ఈ నియమములను సమూలముగా సవరించిరి. అంతకు పూర్వము "నీటి అడ్డంకి" అనుచుండినదానిని ఇప్పుడు "పెనాల్టీ ఏరియా" అనుచున్నారు. మనము దండన ప్రదేశము అనుకొందము. దాని చుట్టును పసుపుపచ్చని గూటములు గాని, ఎఱ్ఱని గూటములు గాని పాతుదురు. ఇందు గమనింపవలసిన విషయ మేమనగా, హద్దు నీరు కాదు, గూటములు. గూటము లోపల నేల ఎండి బీటలు వారినను, బంతి అచ్చట పడినచో దండన ప్రదేశమునఁ బడినట్లే. గూటము వెలుపలికి నీరు పొంగినచో అది తాత్కాలికముగా నిలిచిన నీరు మాత్రమే. అందు బంతి పడినచో దండన లేకుండ తీసికొనవచ్చును.

కొల్లేటి ప్రాంతము వారికి ఇది క్రొత్త మాట కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి వచ్చినప్పుడు సరస్సు లంకల అంచుల వరకు ప్రాకును. ఎండలు ముదిరినప్పుడు అదే నేలమీద పశువులు మేయును. మఱి సరస్సు హద్దెక్కడ? 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తుగల రేఖను హద్దుగా నిర్ణయించి, ఆ లోపలి 308 చదరపు కిలోమీటర్లను పక్షి సంరక్షణ ప్రదేశముగా ప్రకటించెను. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లు తెగఁగొట్టిరి. హద్దును మూఁడడుగులకు దించవలెనను కోరికయు గట్టిగా వినవచ్చినది. అందు వేలకొలది కుటుంబముల బ్రతుకు తెరువు ఇమిడియున్నది. పక్షుల బ్రతుకును ఇమిడియున్నది. ఆటలో పోవునది ఒక్క దెబ్బ. ఇచ్చట పోవునది అన్నము. అయినను మూలప్రశ్న యొక్కటే: నీటికి హద్దు ఏది?

ఇఁక ఆటగాని ముందున్న మార్గములు. మొదటిది, బంతి కనఁబడుచు కొట్టుటకు వీలుగా నున్నచో, ఉన్నచోటి నుండియే కొట్టుట. దీనికి దండన లేదు. తక్కిన మార్గములన్నింటికిని ఒక దెబ్బ దండన కలదు. మొదటి దెబ్బ నీటిపాలైనచో, దండనతో లెక్క రెండు. తరువాత కొట్టునది మూఁడవ దెబ్బ.

రెండవ మార్గము, అంతకు ముందు ఎచ్చటి నుండి కొట్టెనో అచ్చటికే మరలి పోవుట. మూఁడవది కొంచెము ఊహింపవలసినది. జెండా కొల్లేటికోటలో ఉన్నదనియు, ఆటగాఁడు ఏలూరు వైపు ఒడ్డున ఉన్నాఁడనియు అనుకొనుఁడు. బంతి కడపట హద్దు దాటినచోట ఒక గుర్తు పెట్టి, జెండా నుండి ఆ గుర్తు మీదుగా వెనుకకు ఒక తిన్నని గీత గీయవలెను. ఆ గీతపై ఎంత వెనుకకైనను పోయి బంతిని జారవిడువవచ్చును. మైదానమే అంత దూరమున్నచో ఏలూరు కాలువ గట్టు వరకు పోయినను నియమము కాదనదు.

నాలుగవ మార్గము ఎఱ్ఱ గూటములకు మాత్రమే చెల్లును. బంతి హద్దు దాటినచోటి నుండి రెండు కర్రల పొడవులోపల, జెండాకు మఱింత చేరువ కాకుండ, ప్రక్కగా బంతిని విడువవచ్చును. కర్ర యనగా సంచిలోని కర్రలలో పొడవైనది. గుంటలోనికి దొరలించు కర్ర లెక్కకు రాదు. రెండు కర్రలనగా సుమారు ఏడున్నర అడుగులు. బంతిని మోకాలి ఎత్తు నుండి విడువవలెను.

ఇంత తేటగా ఉన్నను పెద్దలే తడబడుదురు. 2013లో అమెరికాలోని అగస్టా మైదానమున టైగర్ వుడ్స్ కొట్టిన బంతి పదునైదవ గుంట జెండాకఱ్ఱకే తగిలి, వెనుకకు దొరలి నీటఁ బడెను. అచ్చటి గూటములు పసుపుపచ్చనివి. ఆయన మునుపటి చోటికే మరలెను గాని, రెండు గజములు వెనుకగా బంతిని విడిచెను. మునుపటి చోటికి వీలైనంత దగ్గరగా విడువవలెనని ఆనాఁటి నియమము. ఆ సంగతి ఆయన మాటలవలననే బయటపడెను. మఱునాఁడు రెండు దెబ్బల దండన విధింపఁగా, ఆ గుంటలో ఆఱైన లెక్క ఎనిమిదైనది. దెబ్బ గుఱి తప్పినందుకు కాదు, నియమము తప్పినందుకు.

ఈ నియమములన్నింటి వెనుక ఒక గొప్ప నమ్మకము దాఁగియున్నది. విశాలమైన మైదానమున ప్రతి ఆటగాని వెంట న్యాయనిర్ణేత నడువఁడు. బంతి ఎచ్చట హద్దు దాటినదో చెప్పవలసినవాఁడు ఆటగాఁడే. కిక్కిసలో మాయమైన బంతి నీటనే పడినదని నిశ్చయముగా, లేక ఇంచుమించు నిశ్చయముగా తెలిసినప్పుడే ఈ మార్గములు పనికివచ్చును. లేకున్నచో అది పోయిన బంతియే. వెనుకటి చోటికి నడువవలసినదే. ఆటగాఁడు చిత్తశుద్ధితో అంచనా వేసినచో, తరువాత అది కొంచెము తప్పని తేలినను తప్పు పట్టరు. అంచనాలో పొరపాటు క్షమ్యము. అబద్ధము క్షమ్యము కాదు.

1925లో అమెరికా జాతీయ పోటీలో బాబీ జోన్స్ అను మేటి ఆటగాఁడు గడ్డిలోని బంతిని కొట్టఁబోవుచుండఁగా అది రవ్వంత కదలినది. తక్కినవా రెవ్వరును చూడలేదు. తానే చెప్పి ఒక దెబ్బ దండన వేసికొనెను. ఆ దెబ్బవలననే తుదకు మఱియొకనితో సమానుఁడై, మరల ఆడిన తీర్పు ఆటలో ఓడిపోయెను.

ఇట్టి నడవడి గోల్ఫు మైదానములకే పరిమితము కానక్కఱలేదు. సాయంకాలము మన పిల్లలు బిళ్ళంగోడు ఆడుచుండఁగా బిళ్ళ కాలువలోఁ బడినచో, ఆట కాపకుఁడు. గట్టున రెండు గూటములు ముందే పాతుఁడు. కొట్టినవానినే పిలిచి, ఎచ్చట దాటినదో అడుగుఁడు. వాఁడు చెప్పిన మాటను నమ్ముఁడు. నమ్మినవారి యెదుట బొంకుటకు పిల్లవానికి సులభముగా మనసొప్పదు.