ఎర్రదీపం, పసుపుదీపం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నేను వేరొక విషయం మనవి చేస్తాను. ఈ వయసులో మనం తరచుగా వెళ్ళేవి పెద్ద భవనాలే. లైఫ్ సర్టిఫికెట్టుకు బ్యాంకు, ట్రెజరీ. ఒంట్లో బాగుండకపోతే ఆసుపత్రి. పనిబడితే 2022 సెప్టెంబరు 5న ప్రారంభమైన సమీకృత కలెక్టరేటు. మనుమరాలి పెళ్ళికి ఫంక్షన్ హాలు. గబగబా మెట్లు దిగగల కాళ్ళు కావు మనవి. కనుక నిప్పు అంటుకుంటే అందరికంటే ముందు తెలియవలసింది మనకు.

బోధన్ వారికి నిప్పు భయం కొత్త కాదు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గాని, చెరుకు పిప్పి సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. నూరు కిలోల చెరుకు ఆడితే ముప్పై కిలోల దాకా పిప్పి వస్తుంది. బాయిలరుకు అదే వంట చెరకు. అది ఎండిన కుప్పగా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. చక్కెర ధూళి సైతం గాలిలో కమ్ముకుంటే పేలుతుంది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో ఆ విధంగానే పేలుడు జరిగి 14 మంది చనిపోయారు.

ఫ్యాక్టరీలో మనుషులు రాత్రింబగళ్ళు మేలుకొని ఉంటారు. ఆఫీసులో రాత్రిపూట తాళం వేసిన రికార్డు రూములో పొగ పుడితే చూసేదెవరు? మన సర్వీసు రిజిస్టర్లు ఉండేవి అక్కడేనాయె. పైగా మనిషిని ముందు చంపేది మంట కాదు, పొగ. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదు రూబీ హోటల్లో కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో నిప్పు పుడితే, పొగ పై అంతస్తులకు ఎక్కి 8 మంది పోయారు. 2023 మార్చి 16న అదే ఊళ్ళో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు పోయారు.

అందుకే గదిగదికీ కప్పుకు పొగను పసిగట్టే డిటెక్టర్లు పెట్టి, వాటన్నిటినీ కింద ఒక పెట్టెకు కలుపుతారు. దానినే ఫైర్ అలారం ప్యానెల్ అంటారు. పాత రకం ప్యానెల్ "మూడో అంతస్తులో నిప్పు" అని మాత్రమే చెబుతుంది. అంటే ఫైలు ఫలానా సెక్షనులో ఉందన్నట్టు. కొత్త రకంలో ప్రతి డిటెక్టరుకూ ఇన్‌వర్డ్ నంబరు వంటి ఒక నంబరు ఉంటుంది. ఏ గదిలోనో కూడా చెబుతుంది. అంటే ఫైలు ఏ టేబులు మీద ఉందో చెప్పినట్టు. ఇటువంటి ప్యానెళ్ళు కార్డులు కార్డులుగా వస్తాయి. కరెంటుకొక కార్డు, డిటెక్టర్ల తీగెలకొకటి, లిఫ్టును కిందికి దింపడానికి, ఏసీ గాలిని ఆపడానికి, నీళ్ళ పంపు నడపడానికి ఇంకొకటి. ఆసుపత్రికి కొత్త బ్లాకు కడితే పెట్టె మార్చనక్కరలేదు, కార్డు జతచేస్తే చాలు. ఒక కార్డు చెడితే ఆ ఒక్కటే మారుస్తారు. తీగె పెట్టెలో బయలుదేరి అన్ని గదులూ చుట్టి మళ్ళీ పెట్టెలోకే వస్తుంది కనుక ఒకచోట తెగినా రెండో వైపు నుంచి కబురు అందుతుంది. కరెంటు పోతే లోపలి బ్యాటరీలు ఆదుకుంటాయి.

ఇక అసలు సంగతి. ప్యానెల్ మీద ఎర్రదీపం వెలిగితే నిప్పు. పసుపుదీపం వెలిగితే ప్యానెల్‌కే జబ్బు చేసిందని అర్థం: తీగె తెగింది, బ్యాటరీ పోయింది, లేక ఎవరో కొంత భాగం ఆపివేశారు. ఒక భవనంలో, పేరు అనవసరం, పసుపుదీపం చూసి వాచ్‌మన్‌ను అడిగాను. "ఊకె మోగుతుంటది సార్, అందుకే బంద్ చేసినం" అన్నాడు. అతని తప్పేమీ లేదు, అతనికి చెప్పినవారు లేరు. ఊరికే మోగడానికి కారణాలుంటాయి: డిటెక్టరులో దుమ్ము, పురుగులు, అగరుబత్తి పొగ. వంటగదిలో పొగ డిటెక్టరు పెడితే పోపు వేసినప్పుడల్లా మోగుతుంది. అక్కడ వేడిని పసిగట్టేది పెట్టాలి. దుమ్ము దులపాలి గాని నోరు నొక్కగూడదు. అబ్జెక్షన్ రాశాడని ఆడిటరును బయటికి పంపితే లెక్కలు సరిపోతాయా?

కనుక సంఘం తరఫున మూడు పనులు చేద్దాం. ఒకటి, మనం వెళ్ళే ప్రతి పెద్ద భవనంలో ప్యానెల్ ఎక్కడుందో, పసుపుదీపం వెలుగుతోందా అని చూద్దాం. వెలుగుతుంటే తేదీతో సహా కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకుందాం. ఆ విద్య మనకు ఒకరు నేర్పనక్కరలేదు. రెండు, ప్యానెల్‌కు లాగ్‌బుక్ ఉన్నదా, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని మర్యాదగా అడుగుదాం. మూడు, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో బొంబాయి రేవులో జరిగిన ఘోర ప్రమాదం జ్ఞాపకార్థం అవి. ఆ వారంలో ఫైర్ స్టేషను వారిని పిలిచి మన సభ్యులకు, పిల్లలకు చూపిద్దాం.

బెల్లు మోగితే ఊరికేలే అని కూర్చోకండి. లిఫ్టు ఎక్కకండి, మెట్ల దారి పట్టండి, 101కి గాని 112కు గాని ఫోను చేయండి. పింఛను ప్రతి నెలా అందుకోవాలంటే మనం ఉండాలి కదా.