నల్లపిల్ల పాత్రకు నల్లపిల్ల పనికిరాదా?

(బళ్లారిలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నాటకకళను గూర్చి మాటలాడుటకు మాకు గల అధికారము స్వల్పము. రాత్రి అంగడి మూసి ఇల్లు చేరునప్పటికి ఇంటిల్లిపాదియు టెలివిజన్ ముందు కూర్చుండియుందురు. వారితోపాటు మేమును కూర్చుందుము. అట్లు చూడగా తోచిన సంగతులనే తమ ముందుంచుచున్నాము.

తెలుగు రాష్ట్రములలోని వారికి ఈ ధారావాహికలు ప్రొద్దుపుచ్చు సాధనములు. మనకు అంతమాత్రమే కావు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరిన పిదప పుట్టిన తరములవారము మనము. మన పిల్లలలో పెక్కురకు బడిలో కన్నడము, ఇంగ్లీషు. తెలుగు ఇంటి మాట మాత్రమే. తెలుగునాట ఇండ్లెట్లుండును, మనుష్యులెట్లుందురు అను విషయము వారు చాలవరకు ఈ తెరమీదనే తెలిసికొనుచున్నారు. ఆ తెరమీది ఇల్లాలు తెల్లవారుజామున నిద్రలేచునప్పుడును కాటుక చెదరదు, కురులు రేగవు. అత్తను కోడలిని ప్రక్కప్రక్కన నిలిపినచో అక్కచెల్లెండ్రేమో అనిపించును. పేదింటి పిల్ల యని చెప్పుదురు. చెంపల నునుపు చూచినచో ఎండ యెరుగని పిల్ల. ఇట్టివారు మన వీధిలో ఎందరున్నారో తమరే లెక్కింపుడు.

ఎల్లప్పుడును ఇట్లే యుండెనా యనిన, లేదు. 1986లో దూరదర్శన్‌లో ఆరంభమైన ‘మాల్గుడి డేస్’ను మేము చిన్నతనమున చూచితిమి. శంకర్ నాగ్ దర్శకత్వమున మన రాష్ట్రములోని ఆగుంబెలో చిత్రించినది అది. విన్నది హిందీయే, ఐనను స్వామి వేషము వేసిన మంజునాథ్ మొదలు అందరును మన అంగడి వీధిలో తిరుగువారివలె ఉండిరి.

ఇక అసలు సంగతి. 2017 అక్టోబరు నుండి 2023 జనవరి వరకు స్టార్ మా ప్రసారము చేసిన ‘కార్తీకదీపం’ చూడని ఇల్లు మనలో అరుదు. ‘వంటలక్క’ అనగానే ఇచ్చట కూర్చున్న అమ్మలు నవ్వుచున్నారు! 2014లో మలయాళమున ఆరంభమైన ‘కరుత్తముత్తు’ దానికి మూలము. దీప అను నల్లని పిల్ల తన రంగు కారణముగా పడిన అవమానములు ఆ కథకు పునాది. మంచి ఉద్దేశమే. కాని ఆ పాత్ర ధరించిన ప్రేమీ విశ్వనాథ్ గారికి రంగు పూసి నల్లగా చూపిరి. ఆమె నటనయందు మాకు లోపము తోచలేదు. ఆమె ఏడ్చినప్పుడు మా ఇంట అందరును ఏడ్చిరి. మా ఆక్షేపణ వేరు. నల్లదనము వలన బాధపడిన పిల్ల కథ చెప్పుటకు నల్లని నటి ఒక్కతెయు దొరకలేదా? పెండ్లిచూపులలో ఆ పిల్లను వద్దనిరి. తుదకు ఆమె దుఃఖమును ఆమె నటించుటకు కూడ వద్దనిన ఎక్కడికి పోవలెను? ఒక వేడుక కార్యక్రమమున అదే నటి పూత లేక కనబడగా, మా ఇంటి చిన్నపిల్ల ‘‘అమ్మయ్య, నిజంగా నల్లది కాదు’’ అనినది. ఆ ‘అమ్మయ్య’ మాకు ఇప్పటికిని చెవిలో ఉన్నది.

హిందీలో 2003 నుండి 2006 వరకు వచ్చిన ‘జస్సీ జైసీ కోయీ నహీ’ కూడ ఇట్టిదే. మోనా సింగ్ అను చక్కని నటికి లావు కండ్లద్దములు, పండ్లకు తీగలు తగిలించి అనాకారిని చేసిరి. కొంత కథ నడచిన పిదప అవి తీసివేసి అందగత్తెను చేసిరి.

ఇందులో వ్యాపారము లేకపోలేదు. ధారావాహికకు నడుమ వచ్చునవి సబ్బులు, లేపనములు, నగలు, చీరల ప్రకటనలు. ఆ ప్రకటనలోని ముఖమునకును కథలోని ముఖమునకును పొత్తు కుదరవలెను గదా! తెలుపునిచ్చు లేపనములు మా అంగడిలోను అమ్ముడుపోవుచున్నవి, కాదనము. 1975 నుండి అమ్మకమందున్న ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అని పేరు మార్చుకొనినది. కొనువారు మాత్రము నేటికిని పాత పేరే అడుగుచున్నారు.

పెద్దలొకరు మమ్ము ఇట్లు ప్రశ్నించిరి: ‘‘స్థానం నరసింహారావుగారు పురుషులై యుండి సత్యభామ వేషము వేయలేదా? జనులు మెచ్చలేదా? 1956లో పద్మశ్రీ రాలేదా? నటన యనగా లేనిది ఉన్నట్లు చూపుటయే గదా!’’ ప్రశ్న గట్టిదే. రెండు దినములు ఆలోచించితిమి. స్త్రీలు రంగమెక్కుట తప్పుగా ఎంచిన కాలమున, ఆ కొరతను స్థానంవారు తమ ప్రతిభచే పూరించిరి. నేడు నల్లని నటీమణుల కొరత ఉన్నదా? వాకిట నిలుచున్నవారిని లోనికి రానీయక, వారి వేషమును ఇతరులకు కట్టుచున్నాము. మన ఊరి బళ్లారి రాఘవగారు ఆ కాలముననే స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టినవారు. ఆయన పేర ఈ ఊర కళామందిరము గలదు. ఆయన మాట మనము పాటించితిమా?

ఇతరులను ఇంతగా అనిన పిదప మా తప్పును దాచుట న్యాయము కాదు. వెనుకటి ఉగాదికి మన సంఘము వేయించిన నాటకమున ద్రౌపది పాత్రకు పిల్లలను ఎంచినవారిలో మేమును ఉంటిమి. ఒక పిల్లకు పద్యములన్నియు కంఠస్థము, ఉచ్చారణ స్వచ్ఛము. చామనచాయకన్న ఒకింత నలుపు. రెండవ పిల్ల తెలుపు. తెలుగు చదువరాదు, పద్యములను కన్నడ లిపిలో వ్రాసికొని వల్లించినది. మేము రెండవ పిల్లను ఎంచితిమి. మొదటి పిల్లను తెరవెనుక నిలిపి, మరచిన చోట అందించుమంటిమి. ద్రౌపదికి కృష్ణ అను పేరు గలదనియు, భారతమున ఆమె నల్లనిదనియు మాలో ఒకరికైనను ఆనాడు స్ఫురింపలేదు! నాటకము ముగిసిన పిదప ఆ పిల్ల తల్లి ‘‘మా పాప గొంతు బాగా వినపడిందా అన్నా?’’ అని మాత్రమడిగెను. తెరవెనుక గొంతు సభకు వినబడకుండుటయే మంచిదని ఆమెకు తెలియక కాదు.

రాబోవు ఉగాది నాటకమునకు పిల్లలను తెరకు ఆవల నిలిపి పద్యము చదివింపవలెననియు, ఎంచువారు గొంతు విని మార్కులు వేసిన పిదపనే ముఖము చూడవలెననియు కార్యవర్గము ముందు ప్రతిపాదించుచున్నాము. ఎంచువారిలో ఈసారి మేము ఉండము. పిల్లల పేర్లను సంక్రాంతిలోగా కార్యదర్శిగారికి అందజేయుడు. కిందటిసారి అందించిన ఆ పిల్ల పేరు ఈ ఉదయముననే వచ్చినది.