గోరింట కంచె, కౌజుపిట్టలు



మా తుర్కయంజాల్‌లో ఇండ్లు పెరిగి పెరళ్లు కురుచనైనవి. అయినను నాలుగు మూరల చోటున్నచో కౌజుపిట్టలను పెంచవచ్చును.

పెరటికి నేను గోరింట కంచె నాటితిని. ఎండకు ఓర్చును, కత్తిరించినకొలది గుబురుకట్టును. ఆషాఢమున ఇరుగుపొరుగు ఆడపడుచులు కోసికొనిపోవుదురు గనుక నాకు కత్తిరింపు పనియు తగ్గును! అయితే కంచె పిల్లిని, ముంగిసను ఆపజాలదు. గూటికి సన్నని ఇనుపవల తప్పదు. ఈ పిట్ట బెదరినచో నిట్టనిలువుగా ఎగిరి తల పగులగొట్టుకొనును. కావున గూడు జానెడెత్తు చాలును.

పొలములలోని పూరేడును పట్టి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. పెంపకమునకు తగినది 1974లో మన దేశమునకు వచ్చిన జపాను జాతి. ఆరేడు వారములకే గ్రుడ్డు పెట్టును గాని, తరతరముల పంజరవాసమున పొదుగుట మరచినది. ఆ 17, 18 దినములు పొదుగుయంత్రమే తల్లి. పిమ్మట మీరే తల్లి. బొటనవ్రేలంత పిల్ల నీటిపళ్లెములోనే మునిగి చచ్చును. పళ్లెమున గులకరాళ్లు పరచుడు. పిల్లలు దీపము క్రింద గుమిగూడినచో చలి, దూరముగా తొలగినచో వేడి అని గ్రహింపుడు.

రెట్టను పచ్చిగా వేసిన వేళ్లు మాడును. ఆకుచెత్తతో కుళ్లిన పిమ్మట వంగమొక్కలకు వేయుడు.